సొంత జాగాలో కొన్న మేడ

ముంబై నారిమన్ పాయింట్‌లోని ఎయిరిండియా భవనాన్ని ఆఫీసుల కోసం కొనాలని మహారాష్ట్ర సర్కారు 2023లో తీర్మానించింది. ధర రూ.1,601 కోట్లు. బేరం గిట్టుబాటేనా అన్న చర్చ ఎలాగూ ఉంటుంది. కానీ పేరున్న కట్టడం సర్కారు చేతికి వచ్చాక ఏమవుతుందో తెలుసుకోవాలంటే ముంబై దాకా వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ చూస్తే చాలు.

ముంబై మెరైన్ డ్రైవ్ వెంట దక్షిణంగా వెళ్తే, సముద్రపు గట్టు ముగిసే దగ్గర 23 అంతస్తుల మేడ ఒకటి కనిపిస్తుంది. నెత్తిన విల్లు ఎక్కుపెట్టిన అశ్వమానవుడి గుర్తు. ఎయిరిండియా పాత చిహ్నం అది. 1974లో పూర్తయిన ఈ భవనానికి రూపకల్పన చేసింది అమెరికా వాస్తుశిల్పి జాన్ బర్గీ. సినిమాల్లో బొంబాయిని చూపించాలంటే ఈ తీరాన్నీ, ఈ మేడల వరుసనూ ఒకసారి చూపించి తీరాల్సిందే. ముంబై వెళ్లిరాని తెలుగువాళ్లకు కూడా దీని ఆకారం ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

కరీంనగర్, నిజామాబాద్, కడప పల్లెల నుంచి గల్ఫ్‌కు బయల్దేరిన తొలి తరానికి బొంబాయే గుమ్మం. ఏజెంటు చుట్టూ తిరగడం, వీసా కాగితం కోసం రోజుల తరబడి ఎదురుచూడటం, చివరికి విమానం ఎక్కడం అన్నీ అక్కడే. అంతకుముందే తెలంగాణ నుంచి వలస వెళ్లి ఆ నగరపు కట్టుబడి పనుల్లో చెమటోడ్చిన కామాఠీల పేరు కామాఠీపురాకు మిగిలిపోయింది. బొంబాయి మేడలతో మన బంధం కొత్తదేం కాదు.

ఆ మేడను మహారాష్ట్ర ప్రభుత్వానికి బదలాయించడానికి 2024 మార్చి 14న కేంద్రం ఆమోదం తెలిపింది. కొనాలని రాష్ట్ర మంత్రివర్గం అంతకు నాలుగు నెలల ముందే, 2023 నవంబరులో తీర్మానించింది. ఒక ప్రభుత్వం అమ్మడానికి, ఇంకో ప్రభుత్వం కొనడానికి ఒప్పుకున్నాయి. మధ్యలో ఉన్న నేల మాత్రం మొదటి నుంచీ కొనేవారిదే.

సముద్రం నుంచి తీసిన నేల

నారిమన్ పాయింట్ ఒకప్పుడు అరేబియా సముద్రం. బ్యాక్‌బేను పూడ్చి నేల తీయాలన్న పథకాన్ని 1920లలో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో భారీ ఎత్తున మొదలుపెట్టారు. డబ్బు మంచినీళ్లలా ఖర్చయింది, పని మాత్రం సాగలేదు. జనం దానికి ‘లాయిడ్ తిక్కపని’ అని పేరు పెట్టారు. అందులోని అవకతవకలను బయటపెట్టిన న్యాయవాది ఖుర్షీద్ ఫ్రామ్‌జీ నారిమన్. పథకంతో సంబంధమున్న హార్వే అనే అధికారి ఆయన మీద పరువు నష్టం దావా వేశాడు. నారిమన్ గెలిచారు. తర్వాత ఆయన బొంబాయి మేయరయ్యారు. సర్కారు డబ్బును సముద్రంలో పోస్తున్నారని నిలదీసిన మనిషి పేరే, తర్వాతి దశాబ్దాల్లో సముద్రాన్ని పూడ్చి తీసిన జాగాకు పెట్టారు. ప్రజల సొమ్ము లెక్క అడిగే సంప్రదాయం ఆ పేరులోనే ఉంది కాబట్టి, ఈ కొనుగోలు లెక్క అడగడానికీ మొహమాటపడక్కర్లేదు.

అలా తీసిన నేలలో ఒక ముక్కను 1970లో మహారాష్ట్ర ప్రభుత్వం ఎయిరిండియాకు లీజుకిచ్చింది. నాలుగేళ్లలో మేడ లేచింది. అప్పటికి ఎయిరిండియా పేరు చెబితే ప్రపంచం తిరిగి చూసేది. జె.ఆర్.డి. టాటా 1932లో మొదలుపెట్టిన సంస్థ 1953లో జాతీయమైనా, 1978 దాకా అధ్యక్షుడి కుర్చీలో ఉన్నది ఆయనే. తలపాగా, వంపు తిరిగిన మీసాలు, వంగి పలికే నమస్కారం... ఆ ‘మహారాజా’ బొమ్మను 1946లో బాబీ కూకా, చిత్రకారుడు ఉమేష్ రావు కలిసి తీర్చారు. 1974లో నారిమన్ పాయింట్ మేడకు చేరిన సంస్థ అదీ.

బూడిద రాల్చే గిన్నెకు ఏనుగు పిల్ల

ఎయిరిండియా బొమ్మలు కొనేది, గీయించేది, విదేశాల్లోని తన టికెట్ ఆఫీసుల గోడలకు వేలాడదీసేది. ఎం.ఎఫ్. హుసేన్, వి.ఎస్. గైతోండే లాంటివాళ్ల పనులు ఆ సేకరణలో ఉన్నాయి. పేరు రాకముందు వాళ్ల బొమ్మలు తక్కువ ధరకు దొరికేవి. పేరొచ్చాక ఆ గోడల విలువ కోట్లకు చేరింది.

ఆ సేకరణలో అన్నిటికంటే ఎక్కువ కథలు చెప్పించుకున్న వస్తువు ఒక యాష్‌ట్రే. 1967లో స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఎయిరిండియా కోసం దాన్ని రూపొందించాడు. తెల్లటి పింగాణీ, నడుమ ఆల్చిప్ప ఆకారం, అంచు చుట్టూ చుట్టుకున్న పాము. కింద మోసేవి హంస తల, ఏనుగు తలలు. తలకిందులు చేస్తే హంస ఏనుగులా కనిపిస్తుంది. మొదటి తరగతి ప్రయాణికులకు బహుమతిగా ఇవ్వడానికి వాటిని పరిమిత సంఖ్యలో చేయించారు. ప్రతిఫలంగా డాలీ డబ్బు అడగలేదు. ఏనుగు పిల్ల కావాలన్నాడు. ఎయిరిండియా నిజంగానే ఒక ఏనుగు పిల్లను విమానంలో ఐరోపాకు పంపింది. స్పెయిన్ తీరంలోని కాడకేస్ ఊరు దానికి ఉత్సవంలా స్వాగతం పలికింది.

సంస్థ తిరిగి టాటాల చేతికి వెళ్లాక ఈ కళాసంపద కేంద్ర సాంస్కృతిక శాఖకు, జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలకు చేరింది. ముంబైలో ఆ ప్రదర్శనశాల నడుస్తున్నది కూడా ఒక పాత కట్టడంలోనే. 1911 నాటి కవాస్‌జీ జహంగీర్ హాలును లోపల మార్చి, బయటి రూపం చెడకుండా 1996లో తెరిచారు. పాత భవనానికి కొత్త పని అప్పజెప్పడం ఆ నగరానికి చేతకాని పనేం కాదు.

మేడకు చేదు జ్ఞాపకం కూడా ఉంది. 1993 మార్చి 12న బొంబాయిని కుదిపేసిన వరుస పేలుళ్లలో ఒకటి ఇక్కడే జరిగింది. మధ్యాహ్నం స్టాక్ ఎక్స్ఛేంజీలో తొలి బాంబు పేలిన తర్వాత సుమారు గంటకు, ఈ భవనంలో నిలిపి ఉన్న కారులోని బాంబు పేలింది. ఇక్కడ 20 మంది చనిపోయారు. ఆ రోజు నగరమంతటా పోయిన ప్రాణాలు 257. మేడ నిలబడింది, మరమ్మతులు జరిగాయి, ఆఫీసులు మళ్లీ తెరిచారు.

అప్పుల పద్దులో ఒక గీత

2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనమయ్యాక ఎయిరిండియా నష్టాల్లోంచి తేరుకోలేదు. 2013లో ప్రధాన కార్యాలయం దిల్లీకి తరలింది. నారిమన్ పాయింట్ అంతస్తులను ఒక్కొక్కటిగా అద్దెకిచ్చుకుంటూ వచ్చారు. 2018లో అమ్మకానికి పెడితే ముందుకొచ్చినవి మూడూ ప్రభుత్వ రంగానివే. మహారాష్ట్ర ప్రభుత్వం రూ.1,400 కోట్లు, జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు ట్రస్టు రూ.1,375 కోట్లు, ఎల్ఐసీ రూ.1,200 కోట్లు అన్నాయి. బేరం తెగలేదు.

2021 అక్టోబరులో టాటాలు ఎయిరిండియాను రూ.18,000 కోట్లకు దక్కించుకున్నారు. 2022 జనవరి 27న సంస్థ వాళ్ల చేతికి వెళ్లింది. ఆ 18 వేల కోట్లలో టాటాలు నెత్తికెత్తుకున్న అప్పు రూ.15,300 కోట్లు, కేంద్రానికి ఇచ్చిన నగదు రూ.2,700 కోట్లు. మిగిలిన అప్పు రూ.46,262 కోట్లు కేంద్రం దగ్గరే ఉండిపోయింది. విమానాలతో సంబంధం లేని భూములు, భవనాలు కూడా ఉండిపోయాయి. వాటి విలువను రూ.14,718 కోట్లుగా కట్టి, ఆ అప్పుతో పాటు ‘ఏఐ అసెట్స్ హోల్డింగ్ లిమిటెడ్’ అనే సర్కారీ కంపెనీకి అప్పగించారు. భూములూ మేడలూ అమ్మి అప్పు తీర్చడమే ఆ కంపెనీ పని. నారిమన్ పాయింట్ మేడ ఆ జాబితాలో ఒక గీత. దీని ధర మొత్తం వచ్చినా తీరేది ఆ 46 వేల కోట్లలో మూడున్నర శాతమే.

చదరపు అడుగు ఎంతకు పడింది?

భవనం విస్తీర్ణం 46,470 చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు 5 లక్షల చదరపు అడుగులు. రూ.1,601 కోట్లను పంచితే చదరపు అడుగు రూ.32 వేల చొప్పున పడుతుంది.

లెక్క అక్కడితో ముగియదు. లీజు భూమిని మూడోవారికి బదలాయించినప్పుడు, ఇన్నేళ్లలో పెరిగిన విలువలో భూ యజమానికి వాటా రావాలి. రెవెన్యూ భాషలో దాన్ని ‘అనర్జిత ఆదాయం’ అంటారు. ఈ భూమికి యజమాని మహారాష్ట్ర ప్రభుత్వమే కాబట్టి ఆ వాటా, దానిపై వడ్డీ కలిపి రూ.298.42 కోట్లు తనకు రావాల్సి ఉంది. కొనుగోలులో భాగంగా దాన్ని వదులుకోవడానికి ఒప్పుకుంది. అంటే రాష్ట్రం మీద పడే అసలు భారం రూ.1,899 కోట్లు దాటింది. చదరపు అడుగుకు దాదాపు రూ.38 వేలు.

ఏడున్నర శాతం వడ్డీకి అప్పు తెచ్చి రూ.1,601 కోట్లు కట్టారనుకుందాం. ఏడాదికి రూ.120 కోట్లు వడ్డీకే పోతుంది. నెలకు చదరపు అడుగుకు రూ.200 అద్దె కట్టినట్టు లెక్క. ఇప్పుడు వేర్వేరు శాఖలు దక్షిణ ముంబైలో కడుతున్న అద్దెను దీని పక్కన పెట్టి చూస్తే బేరం సంగతి తేలుతుంది. చేతిలో సొంత ఆస్తి మిగలడం, ఇక ఏ యజమానీ ఖాళీ చేయమనకపోవడం కొనుగోలు వైపు తూకం వేస్తాయి. యాభై ఏళ్ల నాటి లిఫ్టులు, తీగలు, గొట్టాలు మార్చే ఖర్చు ఎదురు తూకం వేస్తుంది.

కేంద్రం ఖజానాలోకి వెళ్లే డబ్బు, రాష్ట్రం ఖజానాలోంచి వచ్చే డబ్బు రెండూ పన్ను కట్టేవాడివే. ‘కుడి జేబులోంచి ఎడమ జేబులోకి’ అని కొట్టిపారేయొచ్చు. కానీ ఆ జేబుల అప్పులు వేరు, అవసరాలు వేరు. దిల్లీ అప్పు కొంత తీర్చడానికి ముంబై బడ్జెట్ ఖర్చవుతోందన్నది నిజం.

ఆఫీసుల కరువు

అంత పెట్టి కొనాల్సిన అవసరం ఏమొచ్చింది? 2012 జూన్ 21న మహారాష్ట్ర సచివాలయం ‘మంత్రాలయ’ నాలుగో అంతస్తులో లేచిన మంటలు పై అంతస్తులకు పాకాయి. ఐదుగురు చనిపోయారు. దస్త్రాలు గుట్టలుగా కాలిపోయాయి. శాఖలను నగరంలో తలోచోటికీ సర్దారు. అప్పటికే ఇరుకుగా ఉన్న యంత్రాంగం ఇంకా చెదిరింది. ఒక సంతకం ఒక చోట, దాని వెనకాల ఫైలు ఇంకో చోట అయితే తిరిగేది దరఖాస్తుదారే. మంత్రాలయకు కూతవేటు దూరంలో ఒకేచోట 5 లక్షల చదరపు అడుగులు దొరకడం ఏ ప్రభుత్వానికైనా ఆశ పుట్టించేదే.

ఈ ఇబ్బంది మనకు బాగా తెలుసు. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు ఒక్కసారిగా 31 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. బోర్డులు ఒక్క రోజులో మారాయి, భవనాలు మారలేదు. కాలేజీల్లో కలెక్టరేట్లు, కల్యాణ మండపాల్లో ఎస్పీ ఆఫీసులు, అద్దె ఇళ్లలో వ్యవసాయ శాఖ కనిపించాయి. తెలంగాణ తర్వాత సమీకృత కలెక్టరేట్లు కట్టుకుంది. ఎక్కువ చోట్ల అవి ఊరికి దూరంగా, బస్సు దిగి ఆటో ఎక్కితే తప్ప చేరలేనంత దూరంలో వచ్చాయి. ఊరి నడుమ ఉన్న పాత కట్టడాన్ని కొని బాగుచేసుకుంటే పింఛను కాగితం పట్టుకొచ్చే ముసలమ్మకు ఆటో ఖర్చు మిగిలేది. ఆ కోణంలో చూస్తే మహారాష్ట్ర పని తప్పనిపించదు.

చట్టం కంటికి ఆనని వయసు

కొనుగోలుకు ఇంకో మేలు ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఎయిరిండియా భవనానికి యాభై ఏళ్లే. కమానులు, గోపురాలు, చెక్కుడు రాళ్లు లేవు. ముంబైలోని విక్టోరియా కాలపు గోథిక్ కట్టడాలకూ, ఆర్ట్ డెకో భవనాలకూ 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది. డెబ్బైల నాటి కాంక్రీటు మేడలకు అలాంటి అండ లేదు.

అండ లేకపోతే ఏమవుతుందో దిల్లీలో చూశాం. ప్రగతి మైదాన్‌లోని ‘హాల్ ఆఫ్ నేషన్స్’ను 1972లో రాజ్ రేవల్ రూపకల్పనలో, ఇంజినీరు మహేంద్ర రాజ్ లెక్కలతో కట్టారు. నడుమ స్తంభం లేకుండా కాంక్రీటు అల్లికతో నిలబెట్టిన ఆ కట్టడాన్ని చూడటానికి విదేశాల నుంచి వాస్తు విద్యార్థులు వచ్చేవారు. అరవై ఏళ్లు నిండని భవనాలను వారసత్వంగా పరిగణించబోమని అక్కడి పరిరక్షణ కమిటీ తేల్చేసింది. 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి కూల్చేశారు. కూల్చింది ప్రభుత్వమే, దాని స్థానంలో కట్టుకున్నదీ ప్రభుత్వమే.

నారిమన్ పాయింట్ మేడ ప్రైవేటు చేతికి వెళ్లి ఉంటే కొన్నవాడు ముందు చూసేది భవనాన్ని కాదు, దాని కింద నేలను, అక్కడ ఇంకెంత ఎత్తు లేపొచ్చన్న లెక్కను. ఆఫీసులు పెట్టుకోవడానికి కొన్నవాడికి మేడే కావాలి. అంతవరకు ప్రమాదం తప్పింది.

హైదరాబాద్ చెప్పే పాఠం

తప్పిన ప్రమాదం మళ్లీ రాదని కాదు. హైదరాబాద్‌లో సర్కారు చేతికి వచ్చిన మహళ్ల కథలు నాలుగు చూద్దాం.

చార్మినార్ దగ్గరి సర్దార్ మహల్‌ను 1900లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన బేగం కోసం కట్టించాడు. ఆమెకు నచ్చలేదంటారు. ఆస్తిపన్ను బకాయిల కింద 1965లో మున్సిపల్ కార్పొరేషన్ దాన్ని స్వాధీనం చేసుకుంది. తర్వాత దశాబ్దాల పాటు అది నగరపాలక సంస్థ ఆఫీసు. మనకు తెలిసిన ఆఫీసే. వరండాకు అడ్డంగా ప్లైవుడ్ గది, పైకప్పు దూలాల కింద వేలాడే తీగల గుత్తి, కిటికీ మూసేసి నిలబెట్టిన ఇనుప బీరువా, దాని మీద ఎర్ర గుడ్డ మూటలు. వానాకాలం వస్తే మూటలు పక్కకు జరుపుతారు, చెమ్మ మాత్రం గోడలోనే ఉంటుంది. పన్ను బకాయి కింద దొరికిన మహలు కాబట్టి దాని విలువ ఎవరికీ పట్టలేదు. సాంస్కృతిక కేంద్రంగా మలచాలని 2022లో పునరుద్ధరణ మొదలుపెట్టేసరికి అరవై ఏళ్లకు దగ్గర పడింది.

సైఫాబాద్ ప్యాలెస్‌ను కూడా ఆరో నిజామే 1888లో కట్టించాడు. వెళ్తుంటే ఉడుము అడ్డొచ్చిందని, అపశకునమని తాళం వేయించాడంటారు. తర్వాత అందులో సర్కారీ కచేరీలు వచ్చాయి. సచివాలయంలో జీ బ్లాకు, ‘సర్వహిత’ అయింది. ముఖ్యమంత్రులు కూర్చున్న చోటు. కొత్త సచివాలయం కోసం 2020 జులైలో దాన్ని కూల్చేశారు. అంతటి మేడకు ఆఫీసు కావడమే ఆయువు పోసింది, ఆఫీసుల అవసరం పెరగడమే ఆయువు తీసింది.

ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన ఇర్రం మంజిల్ కూడా సర్కారు చేతికొచ్చి రోడ్లు భవనాలు, నీటిపారుదల ఇంజినీర్ల ఆఫీసయింది. 2019 జూన్‌లో అక్కడ కొత్త శాసనసభ కట్టాలని తెలంగాణ మంత్రివర్గం నిర్ణయించింది. శంకుస్థాపన కూడా జరిగింది. వారసత్వ కట్టడాన్ని కూల్చే ఆ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరు 16న హైకోర్టు కొట్టేసింది. మేడ బతికింది. కాపాడింది యజమాని కాదు, కోర్టుకెక్కిన పౌరులు.

వీటికి ఎదురు ఉదాహరణ బేగంపేటలోని పైగా ప్యాలెస్. పట్టణాభివృద్ధి సంస్థ హుడా ఆఫీసుగా ఉన్న ఆ కట్టడంలో 2008లో అమెరికా కాన్సులేట్ దిగింది. 2023లో నానక్‌రామ్‌గూడకు మారేదాకా అక్కడే ఉంది. గోడలు అవే, ఊరు అదే. తేడా నిర్వహణలో ఉంది. ఆఫీసు అయినంత మాత్రాన మహలు పాడవ్వాలని లేదు.

కోల్‌కతా రైటర్స్ బిల్డింగ్‌ది ఇంకో తరహా. ఈస్టిండియా కంపెనీ గుమాస్తాల కోసం 1777లో మొదలైన ఆ భవనమే బెంగాల్ సచివాలయమైంది. 2013 అక్టోబరులో మరమ్మతుల పేరుతో దాన్ని ఖాళీ చేసి, సచివాలయాన్ని హౌరాలోని ‘నబన్న’కు మార్చారు. కొద్ది నెలల మాట అన్నారు. ఏళ్లు గడిచిపోయాయి. పాత భవనాన్ని ఖాళీ చేయడం ఎంత తేలికో, బాగుచేసి తిరిగి రావడం అంత కష్టమని తేలింది.

రాయించుకోవాల్సిన షరతులు

మహారాష్ట్ర కొనుగోలులో స్పష్టంగా ఉన్న షరతు ఒకటి. భవనాన్ని నూటికి నూరు శాతం ఖాళీ చేసి అప్పగించాలి. అది అమ్మేవాడికి పెట్టిన షరతు. కొనేవాడు తనకు తాను పెట్టుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి.

మొదటిది అగ్ని భద్రత. మంత్రాలయ మంటలే ఈ మేడ వెతుక్కునేలా చేశాయి. మన దగ్గర కూడా 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. కాగితాల కట్టలు, అతుకుల తీగలు, మూసేసిన మెట్లదారి ఒకచోట చేరితే పాత భవనమైనా కొత్త భవనమైనా అంతే. 23 అంతస్తుల్లోకి ఉద్యోగులను పంపేముందు తీగలు, మెట్లు, నీటి గొట్టాలు పూర్తిగా మార్చాలి. ఫైళ్లు కంప్యూటర్లలోకి ఎక్కకుండా ఒక్క బీరువా కూడా లిఫ్టు ఎక్కకూడదు.

రెండోది లోపల ఎవరు ఏమి మార్చొచ్చన్న నియమం. సర్కారీ భవనాన్ని పాడుచేసేది ఎప్పుడూ ఒక పెద్ద నిర్ణయం కాదు. కొత్తగా వచ్చిన అధికారి చాంబరు పెంచుకుంటాడు, తర్వాతి ఆయన దానికి ఏసీ కోసం గోడకు కన్నం పెట్టిస్తాడు. పదేళ్లకు అసలు నక్షా ఎలా ఉండేదో గుత్తేదారుకు కూడా తెలియదు. ఇంజినీరింగ్ శాఖ సంతకం ఒక్కటే చాలదు, పరిరక్షణ తెలిసిన వాస్తుశిల్పి సంతకం కూడా ఉండాలి.

మూడోది జనానికి చోటు. ఇది ఒకప్పుడు టికెట్ కోసం ఎవరైనా లోపలికి రాగలిగిన మేడ. ఆఫీసులయ్యాక పాసు, పోలీసు, స్కానరు దాటితే తప్ప లోపలికి రాలేని కోటగా మారకూడదు. కింది అంతస్తులో ఎయిరిండియా చరిత్రకూ, 1993 మృతుల జ్ఞాపకానికీ, ఆ కళా సేకరణలోంచి కొన్ని బొమ్మలకూ జాగా ఇస్తే ఆఫీసు పని ఆగదు. వాటిని అరువుగా ఇమ్మని జాతీయ ప్రదర్శనశాలను అడగడానికి ఒక ఉత్తరం చాలు.

నాలుగోది నిర్వహణ పద్దు. అసలు పరీక్ష ఇదే. కొనుగోలు డబ్బు బడ్జెట్‌లో ఒక్కసారి కనిపించి పోతుంది. ఫోటోలు, ప్రకటనలు, విమర్శలు అన్నీ ఆ ఏడాదివే. సముద్రపు ఉప్పుగాలి కాంక్రీటు లోపలి ఇనుమును తినడం మాత్రం ఏ ఏడాదీ ఆపదు. కొన్న ధరలో రెండు శాతం ఏటా మరమ్మతులకు కేటాయిస్తే రూ.32 కోట్లు కావాలి. ఏ ఆర్థిక మంత్రికైనా మొదట కోయాలనిపించేది ఈ పద్దే. ఎందుకంటే కోసినట్టు పదేళ్ల దాకా ఎవరికీ కనిపించదు. సర్దార్ మహల్‌లో జరిగింది అదే.

అందుకే రూ.1,601 కోట్లు ఎక్కువా తక్కువా అన్న వాదన ఒక్కటే సరిపోదు. చేతులు మారిన మేడ గురించి శాసనసభలో ప్రతి బడ్జెట్‌లోనూ ఒకే ప్రశ్న అడగాలి: ఈ ఏడాది దాని మరమ్మతులకు ఎంత ఇచ్చారు, అందులో ఎంత ఖర్చయింది? ఇదే ప్రశ్న హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ అడగొచ్చు. మన సర్కార్లు కొత్తగా ఏ పాత మేడనైనా కొనే ముందు, ఇప్పటికే చేతిలో ఉన్నవాటి మీద ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి.